లీగు వాళ్ళు వచ్చిన రోజు

మా యూనివర్సిటీ పెద్ద లీగులో చేరబోతోందని నేను మొదట విన్నది స్టాఫ్ మీటింగులో. దక్షిణాదిలో పేరున్న యూనివర్సిటీలు కొన్ని కలిసి నడుపుకునే క్రీడల లీగు అది. మ్యాచులు టీవీలో వస్తాయి, జట్లకు స్పాన్సర్లుంటారు, ఆ పేరు చూసి పిల్లలు అడ్మిషన్ల కోసం ఎగబడతారు. అందులో ఒక చోటు ఖాళీ అయిందట. ఆ చోటు మనదేనని మా ఛైర్మన్ గారు మైకు పట్టుకుని ప్రకటించారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ముందు వరసలోని డీన్లు లేచి నిలబడి మరీ కొట్టారు. యూనివర్సిటీ మొత్తానికి ఫిజికల్ డైరెక్టర్ని నేనొక్కదాన్నే. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

అడిగి ఉంటే, మనకు గ్రౌండు లేదని చెప్పేదాన్ని.

శ్రీకాకుళానికీ విజయనగరానికీ మధ్య, హైవే దిగి కాస్త లోపలికి వెళ్తే ఉంటుంది మా క్యాంపస్. ఇంజనీరింగ్ బ్లాకు వెనక ఉన్న ఎర్రమట్టి జాగాని బ్రోచర్‌లో స్టేడియం అని వేశారు. అక్కడ కాలేజీ బస్సులు నిలబెడతారు. పొద్దున పిల్లల్ని దింపిన బస్సులు సాయంత్రం దాకా అక్కడే ఉంటాయి. అవి కదిలాక, డీజిల్ మరకల మీద ఇంత మట్టి చల్లుకుని, మేం ఆడుకోవాలి. ఛైర్మన్ గారికి ఆ సంగతి తెలుసు. బస్సులు అక్కడ పెట్టించింది ఆయనే.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. ఇంటర్ ట్యుటోరియల్‌తో మొదలుపెట్టి, జూనియర్ కాలేజీ, ఇంజనీరింగ్ కాలేజీ దాటి యూనివర్సిటీ దాకా వచ్చిన మనిషి. చదువు మీద గౌరవం ఉండి వచ్చాడనుకుంటే పొరపాటు. ఏ ఏడు దేనికి గిరాకీ ఉంటే దాని బోర్డు తగిలించేవాడు. స్టేజీ మీద ఇంగ్లీషు కలిపి గంభీరంగా మాట్లాడతాడు. కోపం వచ్చినా, బేరం వచ్చినా ఆయన అసలు భాష బయటికొస్తుంది. ఆ భాష మా అందరిదీ కూడా. నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. ఆయన స్టేజీ భాష మీదే నా అసహ్యమంతా.

నాకు ఒక జట్టు ఉండేది. అమ్మాయిల కబడ్డీ జట్టు. నేను విజయనగరంలో పుట్టి పెరిగి, ఖోఖో ఆడి, ఆ ఆటతోనే ఏదో ఉద్యోగం వస్తుందని కాచుకుని, రాక, ఈ క్యాంపస్‌కి చేరినదాన్ని. నాకు దొరికిన పిల్లలు కూడా అలాంటి ఆశతో వచ్చినవాళ్ళే. కొందరు సముద్రపు ఒడ్డు ఊళ్ళవాళ్ళు, కొందరు పాతపట్నం వైపు రైతుల పిల్లలు. ఫీజు రాయితీ, హాస్టల్లో చోటు ఇస్తామంటే వచ్చారు. మట్టి మీద మోకాళ్ళు చీరుకుంటూ నేర్చుకుని, యూనివర్సిటీల మధ్య జరిగే పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్ళారు. మూడో స్థానం కప్పుతో తిరిగొచ్చిన రోజు ఛైర్మన్ గారు ఫొటో తీయించుకున్నారు. మర్నాడు పేపర్లో కప్పు ఉంది, ఛైర్మన్ గారు ఉన్నారు, వైస్ ఛాన్సలర్ గారు ఉన్నారు. పిల్లలు లేరు. ఒక అంచున ఒకమ్మాయి మోచెయ్యి మాత్రం కనబడింది.

"అది నాదే మేడం," అంది కెప్టెన్ పిల్ల, పేపరు పట్టుకుని పడీపడీ నవ్వుతూ. "మా అమ్మకి సూపిస్తాను. ఇదిగోనే, నీ కూతురి మోసెయ్యి పేపర్లో పడ్డాది అని."

ఆ కెప్టెన్ పిల్ల తండ్రి వేటకి వెళ్తాడు. తల్లి తెల్లారకముందే చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరుగుతుంది. పిల్ల పొట్టిది, గట్టిది, నోరూ గట్టిదే. రైడుకి వెళ్తే కూత ఆపకుండా అవతలి జట్టు కళ్ళలోకి చూస్తూ నిలబడేది. చాలామంది ఆ చూపుకే తడబడేవాళ్ళు.

లీగు కబురు తరవాత హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటు దిగాడు. పాతికేళ్ళు దాటి ఉండవు. ఎండాకాలం దగ్గరపడుతున్నా బిగుతైన కోటు విప్పేవాడు కాదు. "మేడం, మన క్యాంపస్‌లో స్పోర్ట్స్ కల్చర్ ఎలా ఉంది?" అని అడిగాడు. తీసుకెళ్ళి గ్రౌండు చూపించాను. వరసగా నిలబడ్డ పసుపుపచ్చ బస్సుల్ని చూసి, ఫోన్లో ఏదో రాసుకుని, "పార్కింగ్ స్పేస్ సూపర్ మేడం. లీగు వాళ్ళు ఫస్ట్ అదే అడుగుతారు," అన్నాడు. వేళాకోళం ఆడుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. లేదు, నిజంగానే సంతోషపడుతున్నాడు.

ముందు గ్రౌండు సంగతి చూడకుండా అతను బొమ్మ సంగతి చూశాడు. జట్టుకొక గుర్తు ఉండాలట. మనది సముద్రతీరం కాబట్టి సొరచేప అని తేల్చాడు. సొరచేప బొమ్మ గోడల మీదికెక్కింది, బస్సుల మీదికెక్కింది, డీన్ల టైల మీదికి కూడా ఎక్కింది. ఒక మనిషి లోపల దూరి నడిచే పెద్ద సొరచేప తొడుగు ఒకటి కుట్టించారు. దాన్ని మా పిల్లలకు చూపించి, "ఎలా ఉంది?" అని అడిగాడు కన్సల్టెంటు.

కెప్టెన్ పిల్ల దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "సొరని మేం పుట్టు సేసుకుని తింటామండీ," అంది. "బాలింతలకి మంచిది. దీన్ని సూసి ఎవులు భయపడతారండీ?"

పిల్లలంతా నవ్వారు. పుట్టు అంటే చేపని పొడి చేసి వండే కూర అని అతనికి తెలియదు. ఎవరినీ అడగలేదు కూడా. తెలియనిది ఏదైనా ఎదురైతే అది తనకు అక్కర్లేనిదని అనుకునే రకం.

ఆ సాయంత్రమే వాళ్ళ ప్రాక్టీసు చూడటానికి వచ్చాడు. చూసినంతసేపూ ఫోను చూసుకున్నాడు. చివరికి నన్ను పక్కకు పిలిచి, "మేడం, టీమ్ ఓకే. కానీ కెమెరాకి పనికిరారు. హైట్ లేదు. ఇంటర్వ్యూ ఇవ్వమంటే ఇంగ్లీష్ లేదు. విజువల్‌గా వర్కవుట్ కాదు," అన్నాడు. సెమీఫైనల్ దాకా వెళ్ళారని చెప్పాను. "అదే కదా మేడం, అక్కడ టీవీ లేదు," అన్నాడు.

వారం తిరిగేసరికి వేరే రాష్ట్రం నుంచి పొడుగాటి అమ్మాయిలు దిగారు. గెస్ట్ హౌస్‌లో దించారు. అందరికీ ఎంబీఏ చదువుతున్నట్టు గుర్తింపు కార్డులు ఇచ్చారు. ఆ అమ్మాయిల మీద నాకు కోపం లేదు. బాగా ఆడేవాళ్ళు, మర్యాద తెలిసినవాళ్ళు. ఎవరు పిలిస్తే అక్కడికి వెళ్ళి ఆడి బతకాల్సిన అవసరం వాళ్ళది. కానీ లీగు వాళ్ళకు చూపించబోయే మా యూనివర్సిటీ జట్టు వాళ్ళేనని తెలిశాక, నేను ఛైర్మన్ గారి గదికి వెళ్ళాను.

"సార్, మనకు జట్టు ఉంది కదా," అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "సూడమ్మా. ఇంటికి పెళ్ళివారొస్తంటే కాళ్ళిరిగిన కుర్సీలు ఎవుడైనా ఏస్తాడేటి? అద్దెకి తెస్తాడు. ఇదీ అంతే."

"పెళ్ళయ్యాక అద్దె కుర్చీలు వెళ్ళిపోతాయి కదా సార్?"

"పెళ్ళవనీ ముందు. అప్పుడు సూద్దాం."

మా పిల్లల్ని ఆయన ఏమనుకుంటున్నాడో ఆ రోజు నాకు స్పష్టంగా తెలిసింది. తిట్టి ఉంటే ఇంత అసహ్యం వేసేది కాదు. సామాను సర్దుతున్నట్టు, ఏ కోపమూ లేకుండా అన్నాడు.

లీగు వాళ్ళు వచ్చే ముందు రోజు ఆఫీసు నుంచి కబురొచ్చింది. కబడ్డీ అమ్మాయిలు పట్టుచీరలు కట్టుకుని, గేటు దగ్గర రెండు వరసల్లో నిలబడి, అతిథుల మీద పూలు చల్లాలి. తరవాత ముందు వరసలో కూర్చుని, కొత్త జట్టు ఆడుతుంటే చప్పట్లు కొట్టాలి. మధ్యాహ్నానికే పిల్లలంతా నా గదికి వచ్చేశారు.

"మేడం, రేపు మమ్మల్ని సీరలు కట్టుకోమన్నారేటండీ?" అంది కెప్టెన్ పిల్ల.

"అవునమ్మా."

"ఆల్లు ఆడితే మేం సప్పట్లు కొట్టాలా?"

"అలాగే అన్నారు."

కెప్టెన్ పిల్ల వెనక్కి తిరిగి మిగతావాళ్ళను చూసింది. తరవాత ఆ పిల్లే, గొంతు పెంచకుండా అంది. "సప్పట్లు కొడతాం మేడం. బాగా ఆడితే ఎవులికైనా కొడతాం. గానీ మా పేరు మీద ఆల్లు ఆడతంటే కొట్టం."

వెనకనుంచి ఇంకో అమ్మాయి ముందుకొచ్చింది. ఎడమ మూల కాసే పిల్ల, పాతపట్నం దగ్గరి ఊరు. "మా ఊర్లో రేపు ఆడోళ్ళ కబడ్డీ పోటీలున్నాయి మేడం. ఒడిశా నుంచి కూడా జట్లొస్తన్నాయి. మా బావ కమిటీలో ఉన్నాడు, పేరు రాయించేసినాడు. పొద్దున్నే బస్సెక్కేస్తాం."

"నన్ను అడగడానికి వచ్చారా, చెప్పడానికి వచ్చారా?" అన్నాను.

"సెప్పడానికే," అంది కెప్టెన్. "మీరు ఒద్దంటే మాత్రం ఆలోసిస్తాం."

వెళ్ళమన్నాను. ఎన్నో నెలల తరవాత సంతోషంగా అనిపించింది. యూనివర్సిటీ బనీన్లు వేసుకుంటారా అని అడిగాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "సొర బొమ్మున్నాది మేడం దాని మీద," అంది ఎడమ మూల పిల్ల. అంతే, ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు బస్సులన్నీ ఎక్కడికో తరలించారు. ఎర్రమట్టి జాగా మీద, పెళ్ళి పందిళ్ళలో వేసే పచ్చ తివాచీ పరిచారు. దూరం నుంచి చూస్తే పచ్చికలాగే ఉంది. దగ్గరికొస్తే కాలు పెట్టిన చోటల్లా కిందనుంచి దుమ్ము లేచింది. మధ్యలో కొత్త కబడ్డీ మ్యాట్లు వేశారు. అలాంటి మ్యాట్ల కోసం నేను ఎన్నిసార్లు అడిగానో నాకే గుర్తులేదు. గేటు దగ్గర పూలు చల్లడానికి చివరి నిమిషంలో నర్సింగ్ కాలేజీ పిల్లల్ని తెచ్చారు. మా పిల్లలేరని ఎవరో అడిగితే, ఒంట్లో బాగాలేదన్నారని నేనే చెప్పాను. అంతమందికీ ఒకేసారి ఎలా బాగాలేకపోయిందని ఎవరికీ అనుమానం రాలేదు. చీరలు కట్టుకున్న ఆడపిల్లలు కొందరు నిలబడి ఉన్నారు కదా, చాలు.

లీగు నుంచి ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన సూటు కింద పరుగు పందేల బూట్లు వేసుకున్నాడు. ఆటలతో ఆయనకున్న సంబంధం ఆ బూట్లేనని మధ్యాహ్నానికి అర్థమైంది. వచ్చీరాగానే వాళ్ళను ఏసీ హాల్లోకి తీసుకెళ్ళి, మా యూనివర్సిటీలో ఆటలు ఎంత గొప్పగా జరుగుతాయో తెర మీద చూపించారు. అదే సమయంలో బయట ఎండలో, మ్యాట్ల మీద, ఆ పొడుగాటి అమ్మాయిలు ఒళ్ళు వేడి చేసుకుని సిద్ధంగా నిలబడ్డారు. లోపల తెర మీద కబడ్డీ అయిపోవడం లేదు. బయట కబడ్డీ మొదలవడం లేదు. ఒకమ్మాయి నీళ్ళ కోసం పక్కకు వెళ్ళబోయి, తివాచీ జారి మడమ మెలికపడి కూర్చుండిపోయింది. నేను కట్టు కట్టాను. "మేడం, ఇది గడ్డి కాదా?" అని హిందీలో అడిగింది. కాదన్నాను.

వాళ్ళు బయటికొచ్చి, ఒక రైడు చూసి, సొరచేప తొడుగు పక్కన నిలబడి ఫొటో దిగారు. పెద్దాయన అడిగినవన్నీ నేను విన్నాను. ఎయిర్‌పోర్టు ఎంత దూరం? పెద్ద హోటళ్ళున్నాయా? ఈ రెండు జిల్లాల్లో మా చానల్ ఎంతమంది చూస్తారు? ఛైర్మన్ గారు అన్నింటికీ "నో ప్రాబ్లం సార్" అన్నారు. ఆ సమాధానం కొన్ని ప్రశ్నలకు అసలు అతకనే లేదు. అయినా ఎవరూ పట్టించుకోలేదు.

భోజనాల దగ్గర నేనే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. "సార్, ఇంకా మ్యాచ్ అవలేదు. చూస్తారా?" అన్నాను.

ఆయన రొయ్యల వేపుడు నములుతూ దయగా నవ్వాడు. "మేడం, ఆట అనేది మేం చివర్లో చూసే విషయం," అన్నాడు. తరవాత ఛైర్మన్ గారి వైపు తిరిగి, "మీ మర్యాదలు అద్భుతం. కానీ నిజం చెప్పాలంటే మీది చిన్న మార్కెట్," అన్నాడు.

ఛైర్మన్ గారు ఆ మాటకు కూడా తలూపారు. ఇంకొంచెం రొయ్యలు వడ్డించమన్నారు.

అప్పుడు నాకు ఇద్దరి మీదా ఒకేలాంటి ఏవగింపు కలిగింది. ఒకడికి టీవీ చూసేవాళ్ళు కావాలి, ఇంకొకడికి ఫీజు కట్టేవాళ్ళు కావాలి. ఇద్దరూ కబడ్డీ అనే మాటని అన్నంలో నంజుకుంటున్నారు. మా యూనివర్సిటీకి ఆ లీగులో చోటు దొరకదని నేను మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఆ భోజనం దగ్గర, దొరికినా అక్కడ ఆడటానికి ఏమీ లేదని తెలిసింది. చెయ్యి కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా గేటు దాటి, శ్రీకాకుళం వెళ్ళే బస్సెక్కాను. అక్కడ దిగి పాతపట్నం బస్సు పట్టుకున్నాను.

పొద్దుగూకే వేళకు ఊరు చేరాను. కోతలైపోయిన మడిలో నీళ్ళు చల్లి, తొక్కి, చదును చేశారు. చుట్టూ మనుషులు. ఆడవాళ్ళు ముందు వరసల్లో నేల మీద కూర్చున్నారు. మైకులో ఒకతను సగం తెలుగు, సగం ఒడియా కలిపి అరుస్తున్నాడు. అప్పటికే మా పిల్లలు రెండు జట్లను కొట్టి ఫైనల్‌కి వచ్చారు. ఎవరి బనీను వాళ్ళదే, ఏ ఇద్దరివీ ఒక రంగు కాదు. జట్టు పేరేంటని మైకతను అడిగితే కెప్టెన్ పిల్ల తన ఊరి పేరు చెప్పింది. పాతపట్నం పిల్ల ఊరుకోలేదు. "మా ఊర్లో ఆడతూ నీ ఊరి పేరేటే!" అని దెబ్బలాటకొచ్చింది. చివరికి రెండు ఊళ్ళ పేర్లూ చెప్పారు.

ఫైనల్లో అవతలివాళ్ళు సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు. మంచి జట్టు. మా పిల్ల కూత పెట్టుకుని వెళ్ళిన ప్రతిసారీ కళ్ళలోకి చూసింది. వాళ్ళ మూలనున్న ఒక అమ్మాయి మాత్రం ఆ చూపును లెక్కచెయ్యలేదు, కాళ్ళే చూసింది. మడమ దొరకబుచ్చుకుని లాగేసింది. మళ్ళీ వెళ్తే మళ్ళీ లాగేసింది. నేను గొంతు పోయేలా అరిచాను. పక్కనున్న ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "నీ కూతురేటమ్మా?" అంది. ఏదో అన్నాను, ఏమన్నానో తెలియదు. మా వాళ్ళు ఓడిపోయారు. అదృష్టం బాగాలేక కాదు, అవతలివాళ్ళు బాగా ఆడబట్టి.

ఓడిన జట్టుకి తలా ఒక స్టీలు క్యారేజీ ఇచ్చారు. అవి పట్టుకుని గట్టు మీద కూర్చుని తిట్టుకోవడం మొదలుపెట్టారు. "ఒసే, నానింకా గీత దాటనేదు, అప్పుడే సెయ్యొదిలేసినావేటే!" అని ఒకరు. "నువ్వు ముందు కాలు సూసుకోవే, దాని సేతికి నువ్వే ఇచ్చినావు!" అని ఇంకొకరు. కెప్టెన్ పిల్ల లేచి నిలబడి, ఆ ఒడియా అమ్మాయి వంగిన తీరు చేసి చూపించింది. "ఇలగ వంగతన్నాది మేడం. మనకి ఈ పట్టు రాదు. నేర్సుకోవాల." పొద్దుటినుంచీ ఎంతోమంది పెద్దవాళ్ళ నోట క్రీడలు అనే మాట విన్నాను. ఆట గురించి ఎవరైనా మాట్లాడటం ఆ రోజుకి అదే మొదలు.

కొన్ని వారాలకు లీగు నుంచి మర్యాదగా ఒక మెయిల్ వచ్చింది. భవిష్యత్తులో కలిసి నడిచే అవకాశాలు పరిశీలిస్తామని. కన్సల్టెంటు దాన్ని సానుకూల స్పందన అన్నాడు. శ్రీకాకుళం బస్టాండు దగ్గర 'లీగు ముంగిట మన యూనివర్సిటీ' అని ఫ్లెక్సీ కట్టారు. అడ్మిషన్లు అయిపోయే దాకా అది అక్కడే వేలాడింది. తరవాత ఆ ఖాళీ ఏదో మహానగరంలోని యూనివర్సిటీకి ఇచ్చారని పేపర్లో వచ్చింది. పొడుగాటి అమ్మాయిలు అప్పటికే వెళ్ళిపోయారు. ఛైర్మన్ గారికి ఎవరో ఒకరి మీద కోపం తీర్చుకోవాలి. నన్ను పిలిపించారు.

"నీ పిల్లలు ఆ దినం ఉండుంటే పనైపోను," అన్నారు. "పరువు తీసీసినారు. ఆల్లకి ఫీజు రాయితీ నేదు, హాస్టలు నేదు. తీసీమన్నాను."

"వాళ్ళుంటే ఏ పని అయ్యేది సార్? పూలు చల్లే పనా?"

"నోరు లేస్తన్నాది నీకు."

"లేస్తోంది సార్. మీకు ఆడే జట్టు ఉంది. దాన్ని దాచిపెట్టి, లేని జట్టును చూపించారు. అందువల్ల లీగు పోయిందని నేననను, వాళ్ళు దేన్నీ చూడలేదు. వచ్చారు, తిన్నారు, మీది చిన్న మార్కెట్ అని మీ మొహం మీదే చెప్పి వెళ్ళారు. మీరు తలూపారు. మా పిల్లలు ఎవరికీ తలూపలేదు. వాళ్ళ మీదా మీ కోపం?"

ఆయన మొహం ఎర్రబడింది. తలుపు వైపు చూపించారు. నేను కదల్లేదు. "ఇంకొక్క మాట. ఆ ఎంబీఏ అమ్మాయిల దొంగ కార్డుల సంగతి యూనివర్సిటీల పోటీలు నడిపే సంఘం వాళ్ళు నన్ను అడిగితే ఏం చెప్పమంటారు?" అన్నాను.

అలాంటి మాటలు మాత్రం ఆయనకు వెంటనే అర్థమవుతాయి. కాసేపు పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు. "సదువు అయ్యేదాకా ఉండనీ ఆల్లని," అన్నారు చివరికి. "నువ్వు మాత్రం వేరే సోటు సూసుకో."

చూసుకున్నాను. ఆ పిల్లల చివరి పరీక్షలు అయ్యేదాకా ఉండి, బయటికొచ్చాను. ఇప్పుడు విజయనగరంలో ఒక బడిలో పనిచేస్తున్నాను. మా యూనివర్సిటీ ఈమధ్య విదేశీ యూనివర్సిటీతో ఏదో ఒప్పందం చేసుకుందని విన్నాను. వివరాలు కనుక్కోలేదు. కనుక్కునేంత గౌరవం నాకు ఆ గోడల మీద మిగల్లేదు.

పిల్లల్లో ఇద్దరు పోలీసు ఉద్యోగాల్లో చేరారు. పాతపట్నం పిల్ల పెళ్ళి చేసుకుని ఒడిశా వెళ్ళింది. అక్కడ ఏ జట్టులో చేరాలా అని చూస్తోందట. కెప్టెన్ పిల్ల ఆడపిల్లల గురుకులంలో కాంట్రాక్టు మీద ఆటల టీచరైంది. మొన్న మండల పోటీల్లో తన జట్టు మొదటి మ్యాచులోనే ఓడిపోతే సాయంత్రం ఫోను చేసింది. రిఫరీని తిట్టింది, టాసుని తిట్టింది, తన పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరుపేరునా తిట్టింది. అన్నం చల్లారిపోతున్నా నేను అడ్డు చెప్పలేదు.

"మీరేటి మేడం, ఏటీ మాట్లాడరు?" అంది మధ్యలో ఆగి.

"వింటున్నానే. మీ కుడి మూల పిల్ల ముందుకు తోసుకుని వెళ్ళిపోతోందన్నావు కదా, అది చెప్పు."

"ఆఁ, అదే సెప్తన్నాను," అంది, మళ్ళీ అందుకుంది.